సొంతంగా ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లు సినిమాల్లోకి రావాలంటే సొంత ట్రాకులు ఆపేయాలా?

మీకు ఇరవై ఆరేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, రాత్రుళ్లు కూర్చుని చేసిన నాలుగు ట్రాకులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఒక్కోదాన్ని రెండు మూడు వందల మంది విన్నారు. ఇక అవి ఆపేసి సినిమా ఆఫీసుల చుట్టూ తిరగమంటారా అని అడిగారు.

ఆపకండి. పదేళ్లుగా ఈ రెండు పనులూ చేస్తున్నాను. మూడు సినిమాలకు, ఒక వెబ్ సిరీస్‌కు, చాలా షార్ట్ ఫిల్ములకు ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే సీన్ల వెనక వచ్చే నేపథ్య సంగీతం) చేశాను. ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చిన పని వాటిలో ఒక్కటీ లేదు. అన్నీ నా సొంత ట్రాకులు విన్నవాళ్లు పిలిస్తే వచ్చినవే.

తణుకు దగ్గర మా మేనమామకి రైస్ మిల్లు ఉండేది. 2015 సంక్రాంతికి వెళ్లినప్పుడు చిన్న రికార్డర్ పెట్టి మిల్లు బెల్టు శబ్దం పట్టుకొచ్చాను. పాత తోలు బెల్టు. దానికి ఒకచోట అతుకు ఉంది. తిరిగిన ప్రతిసారీ ఆ అతుకు చక్రానికి తగిలి టప్పుమనేది. ఇంటికొచ్చి దాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే శబ్దం రెండు ఆక్టేవ్‌లు (స్థాయిలు) కిందికి దిగింది. పక్క వీధిలో ఎవరో ఆగి ఆగి తలుపు కొడుతున్నట్టు వినిపించింది. దాని మీద ఆరు నిమిషాల ట్రాక్ కట్టి పెట్టాను. ఏడాదికి మూడు వందల నలభై మంది విన్నారు. ఆ తర్వాత ఒక కొత్త దర్శకుడు మెసేజ్ పెట్టాడు. "ఆ తలుపు చప్పుడు ఎక్కడిది బ్రదర్?" అని. అదే నా మొదటి సినిమా.

మీ ట్రాకుల్ని మూడు వందల మందే విన్నారని బాధపడొద్దని అందుకే అంటున్నాను. వాళ్లలో ఒక్కరికి మీ సౌండ్ కావాలి, అంతే. బయట కూడా ఇలా జరిగింది. డేనియల్ లోపాటిన్ అనే అమెరికన్ సంగీతకారుడు వన్‌ఓట్రిక్స్ పాయింట్ నెవర్ పేరుతో 2007 నుంచి ఆల్బమ్‌లు చేసుకుంటూ వచ్చాడు. 2017లో ఆయన సంగీతం ఇచ్చిన సినిమాకి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సౌండ్‌ట్రాక్ అవార్డు వచ్చింది. ఆ పదేళ్ల ఆల్బమ్‌లు లేకపోతే ఆ సినిమా ఆయన దగ్గరికి వచ్చేది కాదని నా నమ్మకం. మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ గారు ఉండేవారు. హిందీ సినిమా పాటలకు వాయించే ఆయన 1982లో బొంబాయిలో రోలండ్ కంపెనీ రిథమ్, బాస్ మెషీన్లు రెండు, ఒక సింథ్ (శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డు) పెట్టుకుని పది రాగాలతో ఒక రికార్డు చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విన్నది. డెబ్బై ఏళ్లు దాటాక విదేశాల్లో కచేరీలు చేశారు. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది.

ఇక పని గురించి. సొంత ట్రాక్ చేయడం, ఆర్‌ఆర్ చేయడం ఒకటి కాదు, నాకది మొదటి సినిమాలోనే తెలిసింది. తండ్రి పోయాక కొడుకు ఊరికొచ్చి ఆయన కుర్చీ వైపు చూసే సీన్ ఉంది. రెండు నిమిషాల నలభై సెకన్లు. నేను దాని నిండా సింథ్ ప్యాడ్లు, అంటే ఆగకుండా సాగే మెత్తటి స్వరాలు, పరిచాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే నాకే ఏడుపొచ్చింది. మిక్సింగ్ థియేటర్‌లో వేస్తే తల్లి మాటలు వినపడలేదు. మాట స్పష్టంగా వినపడాలంటే ఒకటి నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల మధ్య చోటు ఖాళీగా ఉండాలి. నా ప్యాడ్లు సరిగ్గా అక్కడే కూర్చున్నాయి. కింద బాస్ (లోతైన శబ్దం) వెళ్లి సీన్‌లోని సీలింగ్ ఫ్యాన్ హోరుతో కలిసిపోయింది. మిక్సింగ్ ఇంజినీర్ చాలా పెద్దాయన. ఏమీ అనకుండా నా ట్రాకులు ఒక్కొక్కటే మ్యూట్ చేస్తూ పోయారు. చివరికి మిగిలింది మిల్లు బెల్టు చప్పుడు ఒక్కటే, సీన్ ఆఖర్న పదకొండు సెకన్లు. "ఇది చాలు నాన్నా" అన్నారు. సినిమాలో అదే ఉంది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, కానీ ఆయన చెప్పిందే కరెక్ట్.

అప్పటి నుంచి ఆర్‌ఆర్ మొదలుపెట్టేముందు సీన్‌ని డైలాగులతో, ఏ సంగీతమూ లేకుండా మూడు నాలుగుసార్లు చూస్తాను. ఎడిటర్ రిఫరెన్స్ మ్యూజిక్ (ఇలా ఉండాలని నమూనాగా పెట్టే వేరే సంగీతం) వేసి పంపితే అది తీసేసి మళ్లీ పంపమంటాను. లేకపోతే ఆ ట్యూన్ చెవిలో ఉండిపోయి మనం దాని నకలే చేస్తాం. మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోండి, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలో) ముందే అడగండి. డ్రమ్స్, బాస్, ప్యాడ్లు విడివిడి ఫైళ్లుగా, అంటే స్టెమ్స్‌గా, ఇవ్వండి. ఎడిట్ లాక్ కాకుండా (ఇక కోతలు మార్చమని ఖాయం చేయకుండా) పని మొదలుపెడితే ఒకే రీలు నాలుగుసార్లు చేయాల్సి వస్తుంది.

ఉద్యోగం మానేయాలా అంటే, ఇప్పుడే వద్దు. షార్ట్ ఫిల్ముకి నాకు మొదట్లో ఐదు వేలు ఇచ్చేవారు, కొందరు భోజనం పెట్టి పంపేవారు. మొదటి సినిమా అడ్వాన్స్‌కీ, మిగతా డబ్బుకీ మధ్య పదకొండు నెలలు పట్టింది. ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో చూసుకున్నాకే, ఐదో ఏట, ఉద్యోగం మానాను. ఈ లోపు ఎవరైనా సంగీత దర్శకుడి దగ్గర మ్యూజిక్ ప్రోగ్రామర్‌గా (ఆయన ట్యూన్లను కంప్యూటర్‌లో వాద్యాలతో కట్టేవాళ్లుగా) పని దొరికితే చేయండి. పేరు రాకపోయినా చేయి తిరుగుతుంది.

అగ్రిమెంట్ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. మీరు హక్కులు రాసిచ్చినా, సినిమా థియేటర్లో ఆడటం కాకుండా మీ సంగీతాన్ని వేరే విధంగా వాడుకుంటే వచ్చే రాయల్టీలో మీ సమాన వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఆ డబ్బు మీదాకా రావాలంటే ఐపీఆర్‌ఎస్‌లో (రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ) సభ్యత్వం తీసుకోవాలి, మీ సంగీతం ఎక్కడ ఎంతసేపు ఉందో క్యూ షీట్ అనే పట్టికలో సరిగ్గా రాయించాలి.

నేను దెబ్బతిన్నది ఇంకో చోట. వెబ్ సిరీస్ చేసినప్పుడు పద్నాలుగు పేజీల అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టాను. ఈ పని కోసం వాడిన శబ్దాలన్నీ సంస్థకే చెందుతాయని తొమ్మిదో పేజీలో ఉంది. అందులో మిల్లు బెల్టు కూడా వాడాను. తర్వాత నా సొంత ఆల్బమ్‌లో దాన్ని పెట్టబోతే వీల్లేదని నోటీసు వచ్చింది. మళ్లీ రికార్డు చేసుకుందామంటే మామయ్య అప్పటికే మిల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు పాత సామాను తీసేసి కరెంటు మోటార్లు పెట్టించారు. రికార్డింగ్ ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో ఉంది, వాడుకోలేను.

అందుకే ఇప్పుడు ప్రతి అగ్రిమెంట్‌లో ఒక వాక్యం చేర్పిస్తున్నాను: "ఈ పనికి ముందు సంగీత దర్శకుడు తయారు చేసుకున్న శబ్దాలన్నీ ఆయనవే, ఈ సినిమా వరకే వాడుకోవచ్చు." తర్వాత వచ్చిన నాలుగు పనుల్లో ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోని వాళ్లకి కొత్త శబ్దాలతోనే చేసిచ్చాను, పాతవి ఒక్కటీ ముట్టుకోలేదు.