ముందు కుర్చీలు దగ్గరికి జరుపు

అమ్మాయీ,

నువ్వు పంపిన పది నిమిషాల స్టాండప్ కామెడీ సెట్, అదే స్టేజీ మీద ఒక్కదానివే నిలబడి చెప్పబోయే జోకుల వరస, చదివాను. బాగా రాస్తావు. మెచ్చుకోలు ఇంతటితో సరి, ఎందుకంటే మొదటి పేజీ చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. స్టేజీ ఎక్కగానే నీ లావు మీద ఒక జోకు, నీ గొంతు మీద ఒక జోకు, "అమ్మాయి కామెడీ చేస్తుందంటే ఎవరొస్తారు లెండి, దారి తప్పి వచ్చినట్టున్నారు" అని ఇంకొకటి. మూడింటి పక్కనా బ్రాకెట్లో "ఇక్కడ నవ్వుతారు" అని రాసుకున్నావు. నవ్వుతారు, కాదనను. ఆట మొదలవకముందే ఓడిపోయానని ఒప్పేసుకున్నావు కాబట్టి, పాపం అని నవ్వుతారు. ఆ జాలి మీద మిగతా తొమ్మిది నిమిషాలు నడవవు.

రెండో పేజీలో సౌండ్ కుర్రాడు, ఆర్గనైజర్‌వి నువ్వేనని తోచక, నిన్ను చూసి "ఆర్గనైజర్ గారు ఎప్పుడొస్తారండీ?" అంటాడు చూడు, నువ్వు "దారిలో ఉన్నారు" అని చెప్పి, ఆ లేని మనిషి పేరు చెప్పి పనులన్నీ చేయించుకుంటావు చూడు, అదీ జోకంటే. "సార్ కేబుల్ అటునుంచి లాగమన్నారు" అన్న చోట కాగితం పక్కన పెట్టి నవ్వాను. మొదటి పేజీ చించేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఎందుకు చించమంటున్నానో చెబుతాను. అమెరికాలో ఫిలిస్ డిల్లర్ అని ఒకావిడ ఉండేది. ఐదుగురు పిల్లల తల్లి. 37 ఏళ్ళ వయసులో, 1955లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని పర్పుల్ ఆనియన్ అనే క్లబ్బులో మొదటిసారి స్టేజీ ఎక్కింది. చింపిరి విగ్గు, ఒంటి తీరు తెలియనివ్వని వదులు గౌను. నాకంటే అనాకారి లేదని తనే చెప్పుకుని నవ్వించేది. మనిషి నిజానికి చక్కగానే ఉండేది. అది కనబడితే జోకు చెడుతుందని దాచుకుంది. ఆవిడకు ముందు జాకీ "మామ్స్" మేబ్లీ. నల్లజాతి స్త్రీ. పళ్ళులేని ముసలమ్మ వేషం, ఇంట్లో కట్టుకునే గౌను, జారిపోయిన టోపీ. ఆ వేషం మొదలుపెట్టేనాటికి ఆవిడ ముసలిదేమీ కాదు. కానీ ముసలమ్మ నోటి నుంచి వస్తే వర్ణవివక్ష మీదైనా, మగవాళ్ళ మీదైనా ఏ మాటయినా చెల్లిపోయేది. ఒకరు అనాకారితనం, ఒకరు ముసలితనం అడ్డం పెట్టుకుని నోరు విప్పారు. ఆ రోజులకు అది గొప్ప తెలివి. వాళ్ళు చెల్లించాల్సింది చెల్లించేశారు, అదే బాకీ నువ్వు మళ్ళీ కట్టడం దేనికి?

"మరి నా మాట వినాలంటే ఏం చేయాలి?" అంటావు. కుర్చీలు దగ్గరికి జరుపు.

ఎగతాళి కాదు. నాతో పనిచేసినవాళ్ళు దీన్ని నా పిచ్చి అంటారు, అననీ. జోకులో సగం కాగితం మీద ఉంటుంది, మిగతా సగం గదిలో ఉంటుంది. నవ్వు మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని లెక్క తేల్చాడు. నలుగురిలో ఉండటమంటే ఒకే కప్పు కింద ఉండటం కాదు. పక్కవాడి భుజం కదిలితే నీకు తెలియాలి. రెండొందలు పట్టే హాల్లో నలభై మంది విడివిడిగా కూర్చుంటే నలభై మంది ఒంటరివాళ్ళు ఉన్నట్టే. అదే నలభై మందిని నలభై ఐదు కుర్చీల గదిలో ఇరికించు, అదే జోకు పేలుతుంది.

కాబట్టి షో రోజు అందరికంటే ముందు వెళ్ళు. వెనక వరసలు తీసేసి గోడకు పేర్చు, లేకపోతే వచ్చినవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. మైకుకి సరిగ్గా ఎదురుగా నడవడానికి దారి వదలకు, నువ్వు చూసే చోట మనుషుల మొహాలుండాలి. స్టేజీ మీద వెలుగు, జనం మీద చీకటి. వెలుగులో కూర్చున్న మనిషి నవ్వే ముందు పక్కవాళ్ళు నవ్వుతున్నారా అని చూసుకుంటాడు, అందులోనూ మైకు పట్టుకున్నది ఆడది అయితే ఇంకొంచెం ఎక్కువ చూసుకుంటాడు. టీవీ ఉంటే కట్టేయించు. కాఫీ మిషన్ ఉంటే, సెట్ మధ్యలో అది మోగకుండా వాళ్ళతో ముందే మాట్లాడుకో. పెద్ద హాలు ఉచితంగా ఇస్తామన్నా వద్దను. చిన్నది, కప్పు కిందికి ఉన్నది చూసుకో.

ఇది నాకెలా పట్టుకుందో చెప్పాలి. నేను మొదలుపెట్టిన రోజుల్లో స్లాట్ కోసం, అంటే షోలో నా వంతు కోసం ఫోన్ చేస్తే, ఎవరికి వంతు ఇవ్వాలో చూసే ఒక బుకర్ "ఈ నెల లేడీ స్లాట్ ఇచ్చేశామండీ" అనేవాడు, అదేదో రిజర్వేషన్ బెర్త్ అయినట్టు. ఒకే షోలో ఇద్దరు ఆడవాళ్ళుంటే జనానికి విసుగట. వరసగా నలుగురు మగవాళ్ళు వచ్చి ఒకటే బ్రేకప్ గురించి ఏడ్చినా ఎవరికీ విసుగు రాదు. ఎప్పుడో ఒకసారి స్లాట్ దొరికితే, హోస్ట్ "ఇప్పటిదాకా మమ్మల్ని భరించారు, ఇప్పుడు కాస్త కళ్ళకు చల్లగా..." అంటూ నన్ను పిలిచేవాడు. ఆ మాట తర్వాత మైకు పట్టుకుని చూడు, తెలుస్తుంది. ఆడవాళ్ళు చేతులు కట్టుకుంటారు, మగవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా చూడటం మొదలుపెడతారు, నా మొదటి జోకు ఎవరికీ వినిపించదు. ఇంటికి వెళ్ళి రాత్రంతా ఆ జోకుని మళ్ళీ మళ్ళీ రాసేదాన్ని. జోకులో లోపం లేదు. హోస్ట్ నోట్లో ఉంది.

విసిగిపోయి, ఒక డాన్స్ క్లాసు వాళ్ళ రిహార్సల్ గది అద్దెకు తీసుకుని సొంత షో పెట్టాను. గది ఆయన నాతో మాట్లాడుతూ నా వెనక ఎవరో ఉన్నట్టు అటే చూసేవాడు. "డబ్బు విషయం ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. అడ్వాన్సు చేతిలో పెట్టాక చూపు నా మీద నిలిచింది. కుర్చీలు ఏదో ఉపన్యాసానికి వేసినట్టు దూరం దూరంగా వేసి ఉన్నాయి. నేనూ ఇంకో అమ్మాయీ కలిసి మోచేతులు తగిలేంత దగ్గరికి లాగాం. వేరే చోట చచ్చిపోయిన జోకులే ఆ రాత్రి వరసపెట్టి లేచి కూర్చున్నాయి. అప్పటి నుంచి ఎవరైనా "నా సెట్ ఎందుకు పండలేదు" అని వస్తే, స్క్రిప్టు తర్వాత, ముందు గది ఎలా ఉందో చెప్పమంటాను.

నువ్వు ముందు ఓపెన్ మైకుల్లో, అదే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కగలిగే చోట్ల, బాగా రాటుదేలి, రెండు మూడేళ్ళ తర్వాత షోలు పెడతానని రాశావు. తిరగేసి చెయ్యి. ఓపెన్ మైకులు మానమనడం లేదు, సాధన అక్కడే. కానీ చిన్నదో చితకదో నీ షో నీకు ఇప్పుడే ఉండాలి. లైనప్, అంటే ఆ రోజు స్టేజీ ఎక్కేవాళ్ళ జాబితా, నీ చేతిలో ఉంటే, ఎవరు ఎవరి తర్వాత రావాలో, ఎవరు ఎవరిని ఎలా పరిచయం చేయాలో నీ ఇష్టం. హోస్ట్‌గా మైకు మోజున్న స్నేహితుణ్ణి పెట్టకు. అందరిలోకీ నిలకడైన మనిషిని పెట్టు. చల్లగా ఉన్న గదిని వేడెక్కించే పని ఆ మనిషిదే. పేరు చెప్పి పిలిస్తే చాలు, ఇంకో విశేషణం పలికితే మరుసటి షోకి పిలవనని చెప్పు. టైము అయిపోవడానికి నిమిషం ముందు వెనక నుంచి ఫోన్ లైటు చూపించు. లైటు చూసి కూడా సాగదీసేవాడు ఎంత పెద్ద పేరున్నవాడైనా మళ్ళీ వద్దు. స్టేజీ వెనక కమెడియన్లు కూర్చునే గ్రీన్ రూమ్‌లో చేతులు, మాటలు అదుపులో లేని మనిషి గురించి తెలిస్తే పంచాయితీ పెట్టి నిరూపించాల్సిన పని నీకు లేదు. లైనప్‌లో వాడి పేరుండదు, అంతే. షో ఎన్నింటికి అయిపోతుంది, ఎవరు ఎలా ఇల్లు చేరతారు అన్నది కూడా లైనప్‌తో పాటే రాసుకో. రాత్రి పదకొండింటికి గేటు దగ్గర ఆలోచించే విషయం కాదది.

పోస్టర్ మీద "ఆడవాళ్ళ కామెడీ నైట్" అని వేద్దామా అని అడిగావు. లాస్ ఏంజెలెస్‌లో కామెడీ స్టోర్ అనే క్లబ్బు ఉంది. విడాకుల ఒప్పందంలో అది మిట్జీ షోర్ చేతికి వచ్చింది. 1978లో ఆవిడ పై అంతస్తులో బెల్లీ రూమ్ అని ఆడవాళ్ళ కోసం ఒక చిన్న గది తెరిచింది. అది మేలా, లేక మెట్లెక్కించి పక్కన పెట్టడమా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. నా మటుకు నాకు, గది మంచిదే, బోర్డే వద్దు. నలుగురు ఆడవాళ్ళని, ఇద్దరు మగవాళ్ళని వేసి పోస్టర్ మీద "కామెడీ షో" అని మాత్రం రాయి. ఆరుగురు మగవాళ్ళ షోకి ఎవరూ "మగవాళ్ళ కామెడీ" అని రాయరు కదా.

ఆ మిట్జీ షోరే తన కమెడియన్లకు డబ్బులిచ్చేది కాదు. ఇది మీరు నేర్చుకునే చోటు, జీతం దేనికని ఆవిడ వాదన. 1979లో వాళ్ళు సమ్మె చేసి క్లబ్బు ముందు నిలబడితే గానీ సెట్‌కి 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆడవాళ్ళకు గది ఇచ్చిన చెయ్యే ఆ గదిలో పనిచేసినవాళ్ళ కూలి ఎగ్గొట్టింది. నువ్వలా చేయకు. ఎంత తక్కువైనా సరే, అదే రాత్రి, గదిలోంచి బయటికి వెళ్ళకముందే ఇచ్చెయ్యి. నీ జనాన్ని నువ్వు తెచ్చుకుంటేనే స్లాట్ అనే షోలు ఉన్నాయి, వాటి జోలికి పోకు, అలాంటిది నువ్వు పెట్టనూ వద్దు. వేదిక వాళ్ళతో టికెట్ డబ్బులో ఎవరికెంత, సౌండ్ ఖర్చు ఎవరిది, జనం తక్కువొస్తే నీ మీద ఏమైనా పడుతుందా అన్నవి మెసేజ్‌లోనైనా రాతపూర్వకంగా పెట్టించుకో. నోటిమాట మీద నడిచి చేతి డబ్బు పోగొట్టుకున్న ఆడ ప్రొడ్యూసర్లు నాకు బాగా తెలుసు. ఉచిత ప్రవేశం మాత్రం పెట్టకు. ఉచితమంటే పేర్లు రాయించుకున్నవాళ్ళలో చాలామంది రారు, నువ్వు వేసిన కుర్చీలు ఖాళీగా నిన్నే చూస్తుంటాయి.

"ఆడవాళ్ళకు హాస్యం రాదు అనేవాళ్ళకు ఏం చెప్పాలి?" అన్నావు. ఏమీ చెప్పకు. 2007లో క్రిస్టఫర్ హిచెన్స్ వానిటీ ఫెయిర్ పత్రికలో సరిగ్గా అదే వాదిస్తూ వ్యాసం రాశాడు. మరుసటి ఏడు అదే పత్రిక దానికి జవాబు అచ్చేసి, ఆడ కమెడియన్లని ముస్తాబు చేసి కవర్ మీద పెట్టింది. నవ్వించగలరని రుజువు చేయడానికి అందంగా ఉన్నారని చూపించాలన్నమాట! ఇలాంటి వాదనలో దిగే బదులు ఇంకో ఐదు నిమిషాల సెట్ రాసుకోవచ్చు.

పత్రికలంటే గుర్తొచ్చింది. నేను ఒక పత్రికకు హాస్యం రాసేదాన్ని. ఏ విషయం మీద రాసినా ఆ ఎడిటర్ పక్కన గరిటె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ వేయించేవాడు. ఇన్సూరెన్స్ ఏజెంట్ల మీద రాశాను, గరిటె. విమానం ఆలస్యం మీద రాశాను, గరిటె. జోకు వచ్చిన ప్రతి చోటా పాఠకుడికి తెలియదేమో అని మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించేవాడు. నీ "ఇక్కడ నవ్వుతారు" చూడగానే ఆయనే కళ్ళముందు మెదిలాడు. కొట్టెయ్యి వాటిని.

ఇక క్రౌడ్ వర్క్ రీల్స్. ముందు వరసలో వాణ్ణి "మీరేం చేస్తారు సార్" అని అడిగి తీసిన ముక్కలు. రాసుకున్న జోకు రీల్‌లో పెడితే షోలో పాతబడిపోతుందని వాటిని పెడుతున్నారు, ఆ కష్టం అర్థమవుతుంది. కానీ అవి చూసి వచ్చిన జనం తమతో మాట్లాడటమే కామెడీ అనుకుంటున్నారు. ముఖ్యంగా తాగి వచ్చి నీ బట్టల గురించి కామెంట్ చేసేవాడు, నీకు సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. మాటకు మాట ఒక్కసారి చెప్పు. రెండోసారి నోరు తెరిస్తే బయటికి పంపాలని తలుపు దగ్గర మనిషికి ముందే చెప్పి ఉంచు. నీ షో కదా, చెప్పగలవు. వేరేవాళ్ళ షోలో అయితే వాడితోనే పది నిమిషాలూ గడిచిపోతాయి. అందుకే సొంత షో ఇప్పుడే అంటున్నాను.

రాయడం గురించి పెద్దగా చెప్పను, నీకు వచ్చు. డిల్లర్ తన జోకుల్ని కార్డుల మీద టైపు చేసి, విషయాల వారీగా ఇనుప బీరువాలో పెట్టుకునేది. 50 వేలకు పైగా కార్డులున్న ఆ బీరువా ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. నువ్వు ఫోన్‌లో అడ్డదిడ్డంగా నోట్స్ పెట్టుకుని తర్వాత వెతుక్కుంటున్నానన్నావు. విషయాల వారీగా పెట్టుకో, చాలు.

ఇంట్లో వాళ్ళకు ఎలా చెప్పాలి, బూతులు వాడొచ్చా, మేనేజర్ కావాలా అని ఇంకా ఏవేవో అడిగావు. వాటికిప్పుడు ఓపిక లేదు.

ఈసారి స్క్రిప్టు పంపకు. షో పెట్టి, ఎడిట్ చేయని రికార్డింగ్ పంపు. ఫోన్ మైకు దగ్గర కాకుండా వెనక వరసలో పెట్టి తియ్యి. మైకు దగ్గర పెడితే నీ గొంతే వినిపిస్తుంది, ఏ మూల ఎవరు నవ్వలేదో నాకు తెలియదు.

ఉంటాను.