స్కీయింగ్ గైడ్ అవుతానంటున్న బీటెక్ అమ్మాయి: గాజువాక తండ్రికి జవాబు

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు, స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. కూతురు బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఫోన్లో గుల్మార్గ్ వీడియోలు చూసీ చూసీ ఇప్పుడు బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ గైడ్ అవుతాను, పర్వతారోహణ నేర్చుకుంటాను, ప్లేస్‌మెంట్లకు కూర్చోను అంటోందట. ఎవరో ఏజెన్సీ వాళ్లు పది రోజుల్లో సర్టిఫైడ్ గైడ్‌ని చేస్తాం, లక్షన్నర కట్టమన్నారట. పంపొచ్చా, ప్రాణానికి ఏమీ కాదు కదా, దీంతో బతకగలదా, చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవి, దానివల్ల ఇబ్బందా? ఇవీ ఆయన ప్రశ్నలు.

సార్, ముందు ఆ లక్షన్నర కట్టకండి. పది రోజుల్లో స్కీల మీద నిలబడటం, మలుపు తిప్పడం, పడకుండా ఆగడం వస్తాయి, చురుకైన పిల్లయితే ఇంకొంచెం వస్తుంది. కానీ నలుగురిని వెంటబెట్టుకుని మంచు వాలు మీదికి తీసుకెళ్లే అర్హత పది రోజుల్లో ఎవరికీ రాదు, వచ్చిందని కాగితం ఇచ్చేవాళ్లు ఆ కాగితాన్నే అమ్ముతున్నారు.

ఇక ప్రాణభయం. ఉంది సార్, లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. బ్యాక్‌కంట్రీ అంటే స్కీ సెంటర్ వాళ్లు చదును చేసి, ప్యాట్రోల్ పెట్టి చూసుకునే వాలు దాటాక ఉన్న కొండంతా. మామూలుగా అక్కడ లిఫ్ట్ ఉండదు. స్కీల అడుగున స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుని, మడమ పైకి లేచే బైండింగ్‌తో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపుతో, గంటల తరబడి ఎక్కాలి, పైకి చేరాక వాటిని పీకేసి దిగాలి. వీడియోలో దిగడం ఒక్కటే చూపిస్తారు. గుల్మార్గ్‌లో గండోలా అనే కేబుల్ కారు ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తున దించేస్తుంది కాబట్టి, ఎక్కే కష్టం లేకుండానే ప్యాట్రోల్ లేని వాలుల్లోకి వెళ్లిపోవచ్చు. జనం అక్కడికి ఎగబడేది అందుకే, ప్రమాదాలు జరిగేదీ అందుకే. 2023 ఫిబ్రవరిలో అక్కడ అవలాంచ్‌లో, అంటే మంచుచరియ విరిగిపడి, ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు, మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక రష్యన్.

ఆ అమ్మాయి ఇది శ్రద్ధగా చదవాలి, మీరు కూడా చదవండి. అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద వస్తాయి, స్కీయింగ్ సరదాగా ఉండేది కూడా సరిగ్గా ఆ వాలు మీదే. కొత్త మంచు దండిగా పడిన మొదటి ఒకటి రెండు రోజులు, గాలి మంచునంతా ఒక పక్కకి పోగేసినప్పుడు, ఉన్నట్టుండి ఎండ కాసినప్పుడు, లోపలెక్కడో ఉన్న బలహీనమైన పొర మీద పైన గట్టిపడిన పలక నిలవలేదు. ఒక్క మనిషి బరువు చాలు, పలక మొత్తం విరిగి జారుతుంది. చిక్కుకుని చనిపోయినవాళ్లలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిపింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో అయి ఉంటారు. కాళ్ల కింద మంచు 'వుమ్' అని కుంగినా, స్కీ దగ్గర మొదలైన పగులు ముందుకు పాకినా, పక్క వాలు మీద అప్పటికే ఒక అవలాంచ్ జారి కనిపించినా ఆ రోజుకి వెనక్కి వచ్చేయాలి. ఎంత దూరం నుంచి వచ్చాం, ఎంత ఖర్చు పెట్టాం అని లెక్కలేసుకోకూడదు.

మంచు కింద పూడిపోయినవాళ్లను మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. ఆ పావుగంటలో ఏ రెస్క్యూ టీమూ రాదు, తీయాల్సింది పక్కనున్న స్నేహితులే. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్న మనిషి జాడ చెప్పే రేడియో పరికరం), బ్యాగులో ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాల్సిందే. ట్రాన్సీవర్లన్నీ ప్రపంచమంతటా 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ఒక కంపెనీది ఇంకో కంపెనీదాన్ని పసిగడుతుంది. కానీ అది చేతిలో పట్టుకుని వెతకడం, ప్రోబ్ గుచ్చి మనిషి ఎక్కడున్నాడో తేల్చుకోవడం, పక్కనుంచి తవ్వుకుంటూ వెళ్లడం సాధన చేయకపోతే ఆ సామాను దండగ. అనుమానం ఉన్న వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లాలి, మిగతావాళ్లు చోటు చూసుకుని నిలబడి కళ్లార్పకుండా చూడాలి. ఆ ఏజెన్సీ వాళ్లకి ఫోన్ చేసి అవలాంచ్ రెస్క్యూ సాధన ఎన్ని గంటలు చేయిస్తారని అడగండి, జవాబులోనే తెలిసిపోతుంది.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? నా సలహా, స్కీయింగ్ కంటే ముందు పర్వతారోహణ. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి ఇన్‌స్టిట్యూట్, ఈ మూడింటిలో ఒకదాంట్లో బేసిక్ కోర్సు చేయనివ్వండి. నాలుగు వారాలకు కాస్త అటూ ఇటూ. ముందు బండల మీద తాడు పని, తర్వాత మంచులో ఐస్ యాక్స్‌తో జారకుండా ఆపుకోవడం, బూట్ల కింద కట్టుకునే ముళ్ల పట్టీలు అంటే క్రాంపాన్లు, హిమానీనదం మీద తాడు కట్టుకుని నడవడం, పగుళ్లలో పడినవాళ్లను లాగడం నేర్పుతారు. ఫీజు ప్రైవేటు వాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. చిక్కేమిటంటే సీట్లు నెలల ముందే నిండిపోతాయి, అందుకని ఇప్పుడే అప్లై చేస్తే వచ్చే వేసవి సెలవులకి దొరకొచ్చు. ఆడపిల్లలకి ప్రత్యేక బ్యాచ్‌లు కూడా ఉంటాయి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఆ దారిలో కూడా పంపుతారు, ఒకసారి కనుక్కోమనండి. బేసిక్‌లో 'ఎ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సు, అందులోనూ 'ఎ' వస్తే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు. ఆ గ్రేడే మీకు ఉచితంగా దొరికే కెరీర్ పరీక్ష. అది రాకపోతే సరదాగా ట్రెక్కింగ్ చేసుకోమనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. వచ్చిందా, ఆ తర్వాతి శీతాకాలం గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్ సంస్థలో గానీ, మనాలీ సంస్థలో గానీ స్కీ కోర్సు చేయొచ్చు. స్కీల మీద కాలు కుదిరాక మాత్రమే బ్యాక్‌కంట్రీ మాట.

సర్కారీ సంస్థ కదా, ఇక భయం లేదనుకోకండి. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్‌డ్ కోర్సు జట్టే అవలాంచ్‌లో చిక్కుకుంది, ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఇన్‌స్ట్రక్టర్ సవితా కన్స్వాల్ ఒకరు, అదే ఏడు మే నెలలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన మనిషి. మన పక్కనే కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు 172 రోజుల్లో ఎక్కారు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఈ పేర్లు మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. అమ్మాయి ఈ దారి ఎంచుకుంటే ఇది తెలిసి ఎంచుకోవాలి, ఇంట్లోవాళ్లకి కూడా ముందే తెలిసి ఉండాలి, ఆ మాట మీ ఇద్దరి మధ్య ఒక్కసారైనా బయటికి రావాలి.

విశాఖలో మంచు లేదు కదా, ఇక్కడుండి ఏం చేస్తుందనుకోవద్దు. సింహాచలం మెట్ల దారి వారానికి మూడు రోజులు, మొదట ఖాళీ చేతులతో, తర్వాత వీపు మీద బరువుతో, నెమ్మదిగా 15 కిలోల దాకా. కోర్సులో అంత బరువు మోస్తూ ఎత్తుకి వెళ్లాల్సి ఉంటుంది. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసే వయసు మళ్లినవాళ్లను చూస్తే మన పిల్లలకి సిగ్గేయాలి, అది వేరే సంగతి. ఇంట్లో కూర్చుని ఫిగర్ ఎయిట్, క్లోవ్ హిచ్, ప్రూసిక్ ముడులు కళ్లు మూసుకుని వేయగలిగేదాకా ప్రాక్టీస్ చేయమనండి. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పుతారు, 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టుకున్నది అక్కడే. ఎత్తు మాత్రం ఇక్కడ దొరకదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి ఆగాలి. తలనొప్పి, వాంతులు ముదిరినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా కిందికి దిగడమే మందు. శరీరం ఎంత ఫిట్‌గా ఉన్నా ఇందులో మినహాయింపు లేదు.

బతుకుతెరువు ప్రశ్నకి వస్తే, ట్రెక్ లీడర్‌గా, ఔట్‌డోర్ స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్‌గా పని దొరుకుతుంది, కానీ మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, సీజన్ అయిపోతే ఖాళీ. ఎవరెస్ట్ ఎక్కితే ఉద్యోగం వస్తుందనేది భ్రమ, అక్కడ మీరు స్పాన్సర్లను వెతుక్కుంటూ తిరగాలి. అందుకే డిగ్రీ ఆపడానికి నేను ఒప్పుకోను. ఇంకో దారి మీ కళ్ల ముందే ఉంది సార్, రోప్ యాక్సెస్. రిఫైనరీ ట్యాంకులకి, చిమ్నీలకి, ఓడలకి, గాలిమరలకి తాళ్లతో వేలాడుతూ తనిఖీ, వెల్డింగ్, పెయింటింగ్ చేసేవాళ్లు. ఈ తాడు పనికి ఇచ్చే అంతర్జాతీయ ఇరాటా సర్టిఫికెట్‌లో మూడు లెవెల్స్, మొదటిదానికి నాలుగు రోజుల శిక్షణ, ఒక రోజు పరీక్ష. రెండో లెవెల్‌కి కనీసం ఏడాది, వెయ్యి గంటల తాడు పని చూపించాలి. మెకానికల్ డిగ్రీ ఉండి, వెల్డింగ్ లోపాలు పట్టే ఎన్‌డీటీ సర్టిఫికెట్ కూడా ఉంటే ఆ అమ్మాయికి విశాఖలోనూ గల్ఫ్‌లోనూ పని ఉంటుంది, సెలవుల్లో కొండలకి వెళ్లడానికి సొంత డబ్బూ ఉంటుంది. ప్లేస్‌మెంట్లకి కూర్చోమనండి, ఆఫర్ వస్తే చేరాలా వద్దా అనేది బేసిక్ కోర్సు గ్రేడ్ చూశాక మాట్లాడుకోవచ్చు.

దీంతో పాటు ఫస్ట్ ఎయిడ్ కూడా, మామూలుది కాకుండా ఆసుపత్రికి దూరంగా ఉన్నచోట పనికొచ్చే వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్. ముస్సోరీలో హానిఫిల్ సెంటర్ వాళ్లు నేర్పుతారు. గైడ్ కావాలనుకునేవాళ్లు చివరికి వాయిదా వేసేది ఇదే, నేనైతే రెండో కోర్సుగా ఇదే చేయమంటాను.

పిల్లికూతల సంగతి. ఆస్తమా ఉన్నవాళ్లందరూ కొండలకి అనర్హులు కారు, కానీ చల్లటి పొడిగాలిలో పరుగులాంటి శ్రమ చేస్తే అది తిరగబెట్టొచ్చు. అప్లికేషన్‌తో పాటు డాక్టర్ సంతకం చేసిన మెడికల్ ఫారం అడుగుతారు, అక్కడ దాచమని ఎవరు చెప్పినా వినకండి. ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించి స్పైరోమెట్రీ, అంటే ఊపిరి ఎంత బలంగా వదలగలదో కొలిచే పరీక్ష, చేయించండి, శ్రమ చేశాక ఎలా ఉందో కూడా చూడమనండి. ఇన్‌హేలర్ అవసరమంటే రెండు తీసుకెళ్లాలి, ఒకటి బ్యాగులో కాకుండా జాకెట్ లోపలి జేబులో, చలికి గడ్డకట్టకుండా. రిపోర్టులు వచ్చాక రాయండి, ఏ బ్యాచ్‌కి అప్లై చేయాలో అప్పుడు చూద్దాం.