శాంపిల్ తీసుకోవడం దొంగతనమా? హిప్‌హాప్ లెక్క ఒకటి, చట్టం లెక్క ఒకటి

మీ ప్రశ్న ఇది: అడగకుండా పాత పాటలోంచి ముక్క (అదే శాంపిల్) తీసి, ర్యాప్ పాడటానికి బీట్ కడితే చట్టం దాన్ని తప్పంటుంది. మరి "రియల్‌గా ఉండాలి" అని పొద్దస్తమానం చెప్పే హిప్‌హాప్ దాన్నెలా ఒప్పుకుంటుంది? ఇంటర్నెట్ పైరసీ చట్టాలు ఆ అసలుతనాన్ని కాపాడుతున్నాయా, తొక్కేస్తున్నాయా?

నేను ఎనిమిదేళ్లుగా బీట్లు చేస్తున్నాను. ఈ చట్టం దెబ్బ నాకు తగిలింది, ఇదే చట్టం నన్ను ఆదుకుంది కూడా. కాబట్టి రెండూ చెబుతాను.

ఒక పాత సోల్ రికార్డులో గాయని గొంతు ఎత్తకముందు చిన్న పియానో ముక్క వస్తుంది. మహా అయితే రెండు సెకన్లు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, స్పీడు తగ్గించి, వేలితో కొడితే మోగే బీట్ మెషీన్ ప్యాడ్ల మీద వేసుకున్నాను. మూడో ముక్కలో రికార్డు మీది గీత వల్ల 'టిక్' అని చప్పుడొచ్చేది. తీసేయడానికి మనసొప్పక దాన్నే హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని తాళం) చప్పుడులా వాడాను. వాళ్ల నాన్న ఉద్యోగం పోయిన ఏడాది గురించి నా స్నేహితుడు దాని మీద వెర్స్ (ర్యాప్ చరణం) రాసి పాడాడు. అప్‌లోడ్ చేసిన మూడో రోజుకి పాట లేదు. కాపీరైట్ ఫిర్యాదు వచ్చిందని ఒక మెయిల్, అంతే.

అది అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం పని. ఫిర్యాదు అందగానే ఫైల్ తీసేస్తే సైట్ మీద బాధ్యత పడదు. అందుకే చాలా సైట్లు తప్పొప్పులు విచారించవు, ముందు తీసేస్తాయి. ఆ ఫిర్యాదు సరికాదని మనం కౌంటర్ నోటీస్ పంపొచ్చు. పంపాక అవతలివాళ్లు కోర్టుకెక్కకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో పాట మళ్లీ పెట్టాలి. నేను పంపలేదు. కేసు ఓడిపోతే ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలనే చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా పరిహారం వేయొచ్చని చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పైగా నా దగ్గర నిజంగానే అనుమతి లేదు.

ఏడాది తిరిగాక ఇంకొకతను నా బీట్ ఒకటి తీసుకుని, మొదట్లో నా పేరు వినిపించే ట్యాగ్ కోసేసి తన పేరుతో పెట్టుకున్నాడు. ట్యాగ్ కోసిన చోట కిక్ డ్రమ్ తోక కూడా తెగిపోయింది. ఆ తెగిన శబ్దం వినగానే ఒళ్లు మండిపోయింది. ఆ బీట్‌లో శాంపిల్ ఒక్కటీ లేదు, ప్రతి నోటూ నేను వాయించిందే. అదే డీఎంసీఏ కింద ఈసారి నేను ఫిర్యాదు పంపాను, రెండు రోజుల్లో తీసేశారు. నా పాత పాట సంగతి అతనికి తెలుసు. "నువ్వు మాత్రం ఎవరినడిగి తీసుకున్నావ్?" అని మెసేజ్ పెట్టాడు.

ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. జవాబు నాకు దొరికింది 1979 నాటి 'రాపర్స్ డిలైట్' దగ్గర. షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ బృందం ఆ పాటను షిక్ అనే డిస్కో బృందం పాట 'గుడ్ టైమ్స్' బేస్ గిటార్ వరస మీద కట్టింది. 'గుడ్ టైమ్స్' రాసిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకు వెళతామనేసరికి రచయితలుగా వాళ్ల పేర్లు చేర్చారు. అక్కడిదాకా చట్టం పనిచేసింది. కానీ అందులో గ్యాంగ్ సభ్యుడు బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన లైన్లు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు చెందిన ఎంసీ (ర్యాపర్) గ్రాండ్‌మాస్టర్ కాజ్‌వి. కాజ్ పాత పేరు కాసనోవా ఫ్లై. ఆ పేరును అక్షరం అక్షరం చెప్పే లైనును కూడా హ్యాంక్ తన పేరన్నట్టే పాడేశాడు! రచయితల్లో కాజ్ పేరు మాత్రం వేయలేదు.

హిప్‌హాప్ జనం ఇప్పటికీ తల్చుకుని బాధపడేది కాజ్ గురించే. ఒకరి మాటను, శైలిని ఎత్తుకుని తనదని చెప్పుకోవడాన్ని 'బైటింగ్' అంటారు. అంతకు మించిన అవమానం లేదు. చట్టం అడిగేది "అనుమతి ఉందా?" అని. హిప్‌హాప్ అడిగేది "ఇది నీ మాటేనా?" అని. డబ్బిచ్చి ఘోస్ట్ రైటర్‌తో (పేరు బయటికి రాని రచయితతో) రాయించుకుంటే చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు, ర్యాపర్ పరువే పోతుంది. శాంపిల్ దగ్గరకొచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది: చట్టం తప్పంటుంది, హిప్‌హాప్ ఒప్పుకుంటుంది.

కోర్టులు మొదట్లో చాలా కఠినంగా ఉన్నాయి. గాయకుడు గిల్బర్ట్ ఓసల్లివన్ పాటలోని ముక్క వాడినందుకు ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన కేసులో, 1991లో జడ్జి కెవిన్ డఫీ తన తీర్పును "దొంగిలకూడదు" అనే బైబిల్ ఆజ్ఞతోనే మొదలుపెట్టారు. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ అనే మ్యూజిక్ కంపెనీ వేసిన కేసులో గొడవంతా రెండు సెకన్ల గిటార్ ముక్క గురించి. లైసెన్స్ తీసుకోండి, లేదంటే శాంపిల్ చేయకండి అని ఆ కోర్టు తేల్చేసింది. నా పియానో కూడా రెండు సెకన్లే కదా, చదువుతుంటే గుండె జారింది. 2016లో మరో అప్పీల్ కోర్టు సెకనులో పావు వంతు కూడా లేని శబ్దం విషయంలో ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ రెండు కోర్టుల మాట ఇప్పటికీ కలవలేదు. పదుల కొద్దీ శాంపిళ్లు పేర్చి ఒక్క పాట కట్టే పద్ధతి మాత్రం ఈ ఖర్చుకు, ఈ భయానికి చాలావరకు ఆగిపోయింది. అది నిజంగా నష్టం.

మిక్స్‌టేపుల (డీజేలు రకరకాల ర్యాప్ పాటలు కలిపి, కంపెనీలతో పని లేకుండా పంచే సీడీల) కథ ఇంకా అన్యాయంగా అనిపిస్తుంది. 2007 జనవరిలో అట్లాంటాలో మిక్స్‌టేపులు చేసే డీజే డ్రామా స్టూడియో మీద పోలీసులు దాడి చేసి వేలకొద్దీ సీడీలు పట్టుకుపోయారు. ప్రచారానికి పనికొస్తాయని ర్యాపర్లూ మ్యూజిక్ కంపెనీల్లోని మనుషులూ చేతులారా పాటలిచ్చే రోజులవి. 2010 నవంబరులో డజాజ్1 అనే హిప్‌హాప్ సైట్ డొమైన్‌ను అమెరికా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఏడాది దాటాక ఏ కేసూ పెట్టకుండానే తిరిగిచ్చేసింది. ఆ ఏడాది నష్టం ఎవరు పూడుస్తారు?

ఒక్క విషయంలో మాత్రం నేను పూర్తిగా చట్టం వైపే. విడుదల కాని పాటను హార్డ్ డిస్క్‌లోంచి దొంగిలించి లీక్ చేయడం. సగం రాసిన వెర్స్ ఇంకా ఆ మనిషి మాట కాలేదు. రేపు కొట్టేసే లైన్లు అందులో ఉంటాయి. అది తన మాటేనని చెప్పే హక్కునే లీక్ చేసినవాడు లాగేసుకుంటాడు.

నాకు మెసేజ్ పెట్టినతనికి చివరికి ఇలా రాశాను: "అడగకపోవడం నా తప్పే. కానీ ఆ రికార్డు పేరు పాట కిందే రాశాను. నువ్వు నా పేరు కోసేశావు." తర్వాత ఆ తప్పు దిద్దుకుందామని కూర్చున్నాను. మీరూ ఇది గుర్తుంచుకోండి: ఒక శాంపిల్‌కు రెండు అనుమతులు కావాలి, రికార్డింగ్ హక్కుదారుది ఒకటి, పాట రాసినవాళ్లది ఒకటి. రచయితల తరఫు వాళ్లు ఐదు నెలలకు బదులిచ్చారు, రచనలో వాటా ఇస్తే చాలన్నారు. రికార్డింగ్ కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. దాంతో ఆ పియానోను నేనే మళ్లీ వాయించి రికార్డు చేశాను. అలా చేస్తే రికార్డింగ్ అనుమతి అక్కర్లేదు, రచయితలది మాత్రం తప్పదు.

పాట మళ్లీ పెట్టాం, ఇప్పటికీ ఉంది. నా పియానోలో ఆ 'టిక్' లేదు, ఎంత ప్రయత్నించినా రాలేదు. స్నేహితుడి వెర్స్‌లో ఒక్క మాట కూడా మార్చలేదు.