ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా వాయించగలరా?

ప్రశ్న: ఖమ్మంలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. మొదట ఒక సార్ దగ్గర, తర్వాత యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. ఆదివారాలు మా చర్చిలో వాయిస్తాను. పాటలు చాలానే వచ్చు కానీ ఏడాదిగా ఎక్కడున్నానో అక్కడే ఉన్నట్టుంది. వాయింపులో ఇంటర్మీడియట్ (మధ్య) స్థాయికి ఎలా వెళ్లాలి? గ్రేడ్ పరీక్షలు రాయాలా? కొత్త కీబోర్డు కొనాలా? డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగ్‌లో చేరమని నాన్న అంటున్నారు. దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?
– ఓ విద్యార్థిని

జవాబు: మీరు చెప్పకపోయినా ఒకటి ఊహించగలను. ఏ పాటనైనా సీ మేజర్‌లోనో ఏ మైనర్‌లోనో వాయించి, పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు ట్రాన్స్‌పోజ్ బటన్ (వేళ్లు అవే కీల మీద ఉన్నా మోగే శ్రుతిని పైకో కిందికో జరిపేది) నొక్కుతున్నారు. చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో చాలామంది అలాగే వాయిస్తారు. తప్పేమీ లేదు కానీ మీరు ఆగిపోయింది అక్కడే. బటన్‌ను ప్లస్ రెండులో పెట్టి మీరు ఏ మైనర్ పట్టుకుంటే బయటికి వినిపించేది బీ మైనర్. పక్కన గిటార్ అబ్బాయి ‘ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) అక్కా?’ అంటే మీరు ‘ఏ మైనర్’ అంటారు. ఇద్దరూ మొదలుపెట్టగానే అందరూ మీవైపే చూస్తారు.

కాబట్టి కొత్త పాటలు కొంతకాలం ఆపండి. వచ్చిన పాటల్లోంచే నాలుగైదు తీసుకుని కార్డ్స్‌ను పేర్లతో కాకుండా అంకెలతో గుర్తుపెట్టుకోండి. సీలో మీరు వాయించే సీ, ఏ మైనర్, ఎఫ్, జీ నిజానికి ఆ స్కేలులో ఒకటి, ఆరు, నాలుగు, అయిదో స్వరాల మీద కట్టినవి. అదే వరుస జీలో అయితే జీ, ఈ మైనర్, సీ, డీ. ఎఫ్‌లో ఎఫ్, డీ మైనర్, బీ ఫ్లాట్, సీ. ముందు జీ, ఎఫ్, డీ స్కేళ్లు, ఆ తర్వాత ఏ, బీ ఫ్లాట్. ఈ అంకెలను మన గాయకులు చెప్పే శ్రుతి అంకెలతో మాత్రం కలపకండి. వాళ్లు ‘ఒకటిన్నర’ అంటే సీ షార్ప్, ‘నాలుగున్నర’ అంటే ఎఫ్ షార్ప్. ఎఫ్ షార్ప్ అనగానే భయపడతారు గానీ, ఆ శ్రుతిలో మోహన రాగం అచ్చంగా అయిదు నల్ల కీల మీదే నడుస్తుంది. ఒకసారి వాయించి చూడండి.

రెండోది, ఎడమ చెయ్యి. ప్రతి కార్డ్‌కీ చెయ్యి ఎత్తి ఇంకోచోట వేస్తుంటే పాట గంతులేస్తుంది. ఇన్వర్షన్లు (అదే కార్డ్ స్వరాలను వరుస మార్చి పట్టుకోవడం) నేర్చుకోవాల్సింది ఇందుకే. సీ–ఈ–జీ పట్టుకున్నారు. ఎఫ్‌కి వెళ్లాలంటే సీ మీది వేలు కదపకండి. ఈ నుంచి ఎఫ్‌కి, జీ నుంచి ఏకి జరిగితే చాలు. జీ కార్డ్‌కి వెళ్లాలంటే జీ మీది వేలు ఉంచి, మిగతా రెండూ పక్కనున్న బీ, డీ మీదికి దించండి. కళ్లు మూసుకుని ఈ మూడూ మార్చగలిగాక వేగం పెంచండి. ఇది నెమ్మదిగా చేసే విసుగు పని, దీనికి అడ్డదారి నాకు తెలిసి లేదు.

ఆ తర్వాత ఆటో రిథమ్ (స్టైల్ పేరుతో కీబోర్డే వాయించే తాళం) ఆపేసి, టిక్ టిక్‌మంటూ లయ చూపే మెట్రోనోమ్ ఒక్కటే పెట్టుకోండి. మన క్రైస్తవ గీతాల్లో, జానపద బాణీల్లో ఎక్కువగా వినిపించే ఆరు దెబ్బల నడకను తీసుకోండి. ఒకటో దెబ్బకి ఎడమ చేత్తో సీ, నాలుగో దెబ్బకి జీ. మిగతా దెబ్బలకి కుడి చేత్తో కార్డ్. స్టైల్ మోగుతున్నప్పుడు మన తాళం తప్పు మనకు తెలియదు, మెషీన్ కప్పేస్తుంది. రికార్డు చేసుకుని వింటే రెండో నిమిషానికే పరుగెత్తుతున్నట్టు బయటపడుతుంది.

ఇంకో మాట, కాస్త కటువుగానే. కుడిచేతి ఫిల్లింగ్స్ (పాట మధ్యలో వేసే చిన్న చిన్న స్వరాల ముక్కలు) తగ్గించండి. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే వాయించండి, వాళ్ల మాటల మీద కాదు. రెండోసారి పిలుపు రావడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

గ్రేడ్ పరీక్షల సంగతి. ట్రినిటీ కాలేజ్ లండన్ సిలబస్‌లో ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఇనీషియల్ నుంచి ఎనిమిదో గ్రేడ్ వరకు ఉన్నాయి. మీరు 4, 5 గ్రేడ్‌లను లక్ష్యంగా పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో నేర్చుకున్నవాళ్లకు స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే స్వరలిపి) చదవడం దగ్గరే ఇబ్బంది వస్తుంది. దానికోసం మాత్రం టీచర్‌ను పెట్టుకోండి, వారానికి ఒక్క క్లాసైనా సరే. సర్టిఫికెట్ చూసి ఎవరూ రికార్డింగ్‌కు పిలవరు, వాయింపు విని పిలుస్తారు. స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేరాలన్నా, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పాలన్నా మాత్రం గ్రేడ్‌లు బాగా పనికొస్తాయి.

కెరీర్ విషయంలో నాన్నగారితో గొడవపడే సమయం ఇంకా రాలేదు. కార్యక్రమాల ఆదాయం ముహూర్తాలను బట్టి, క్రిస్మస్ సీజన్‌ను బట్టి ఉంటుంది. ఆషాఢంలో ఫోన్ మోగదు. అందుకే ఈ రంగంలో నిలబడినవాళ్లలో చాలామంది వాయించడం, నేర్పించడం, ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేయడం మూడూ కలిపి చేస్తారు. ఏ.ఆర్. రెహమాన్ కూడా సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా, రాజ్–కోటి వంటివారికి కీబోర్డు వాయించినవారే. ఆయన 2008లో చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట పూర్తిస్థాయిలో చదవాలనుకుంటే ఫీజుతోపాటు చెన్నైలో ఉండే ఖర్చు కూడా లెక్కేసుకోండి. బీకాం పూర్తిచేయండి. ఫైనలియర్ అయ్యేలోపు, మీకు పరిచయం లేని గాయని వచ్చి తన శ్రుతి చెప్పి పాట ఎత్తుకుంటే, బటన్ జోలికి వెళ్లకుండా ఆ పాట చివరిదాకా నడిపించగలగాలి. అది కుదిరితే కోచింగ్ ఒక ఏడాది వాయిదా వేయమని నాన్నగారిని అడగండి. కుదరకపోతే కోచింగ్‌లో చేరండి, ఆదివారాలు ఎటూ మీవే.

కీబోర్డు ఇప్పుడే కొనొద్దు. ఉన్నదాంట్లో ఒకే కీని మెల్లగా, గట్టిగా నొక్కి చూడండి. శబ్దంలో తేడా వస్తే దానికి టచ్ రెస్పాన్స్ ఉన్నట్టే, 61 కీలతో ఈ స్థాయి దాటిపోవచ్చు. తేడా రాకపోతే మాత్రం మార్చాల్సిందే. అప్పుడు యూఎస్‌బీ మిడి (కంప్యూటర్‌కు కలిపే వీలు), సస్టెయిన్ పెడల్ (కీ వదిలినా స్వరాన్ని మోగనిచ్చేది) పెట్టుకునే వీలు, వీలైతే పిచ్ బెండ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) ఉన్నది చూసుకోండి. మన రాగాల్లో గమకాలకు ఆ వీల్ కావాలి. వందల టోన్లు, వందల స్టైల్స్ అంటూ షాపువాళ్లు చెప్పే వాటికి డబ్బు పెట్టకండి.