ఇంట్ల పిల్లల్ని చూసుకుంటే ఫీజు ఎంత పెట్టాలె

బిడ్డా స్వప్నా,

నల్లగొండల ఇంట్లనే డేకేర్ మొదలుపెడుతున్నవని తెలిసి సంతోషమైంది. ఫీజు ఎంత చెప్పాలో తెలుస్తలేదని రాసినవు. పక్క వాడల ఎంత తీసుకుంటున్నరో అడిగి, అంతకంటే ఐదువందలు తగ్గించి మాత్రం చెప్పకు. వాళ్లది సొంతిల్లో కిరాయి ఇల్లో, వాళ్లే అన్నం పెడుతున్నరో తల్లులు డబ్బా పంపుతున్నరో నీకు తెలవదు. ముందు నీ ఖర్చు కాయితం మీద పెట్టు.

ఆరుగురు పిల్లలు, ఒక ఆయమ్మ అనుకుందాం. ఆయమ్మ జీతం 8,000, ఇంటి కిరాయిల ఆ గది వాటా 3,000, కరెంటు, నీళ్లు 1,500, సబ్బులు, ఫినాయిలు, చాపలు, బొమ్మలు 1,500. మొత్తం 14,000. ఒక్కరు వచ్చినా ఆరుగురు వచ్చినా ఇది తప్పదు. దీనికి నీ జీతం కలుపు. శానామంది ఇక్కడనే దెబ్బతింటరు, మిగిలిందే నాది అనుకుంటరు, నెలాఖరుకు ఏం మిగలదు. నీకు 12,000 వేసుకుంటే 26,000 అయితది. దాన్ని ఐదుతోనే భాగించు, ఆరుతో వద్దు. బదిలీ అయి పోయేటోళ్లు, ఊరి నుంచి నాయినమ్మ వచ్చిందని మానిపించేటోళ్లు ఎప్పుడూ ఉంటరు, ఒక సీటు ఖాళీ అయితనే ఉంటది. తలకు 5,200 వచ్చింది. పాలు, అన్నం, గ్యాసుకు ఒక్కో పిల్లకు 1,000 కలిపితే 6,200. ఈ అంకెలు లెక్క చూపెట్టడానికే, నీ దగ్గర ఏ ధర ఉంటే అది వేసుకో.

అంత ఇచ్చుకోలేమని తల్లులంటే నీ జీతం కొయ్యకు. అన్నం డబ్బా ఇంటి నుంచే పంపమను, 5,200 తీసుకో. నీళ్ల కాడ మాత్రం పొదుపు చెయ్యకు. మన దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ. కాస్తే అది పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకింత పెరుగుతది. పాలపొడి కలిపేది, అన్నం వండేది ఫ్లోరైడ్ లేని మంచి నీళ్లతోనే కావాలె.

ఏడాది నిండని పిల్లకు ఆ 5,200కు ఒకటిన్నర రెట్లు, అంటే 7,800 చెప్పు. పాలు తల్లే పంపినా సరే. ఎత్తుకునుడు, గుడ్డలు మార్చుడుతోనే ఆయమ్మ చేతులు నిండుతయి. అసొంటోళ్లను ఇద్దరికి మించి తీసుకోకు.

పైసలు నెల మొదట్లనే, 5వ తారీఖు లోపల తీసుకో. చేర్చుకునేటప్పుడు ఒక నెల ఫీజు అడ్వాన్సు పెట్టించుకో, మానేటప్పుడు నెల ముందు చెప్తే అది చివరి నెలకు జమ. పిల్ల రాని రోజులకు ఫీజు తగ్గించొద్దు, ఆ సీటు ఇంకొకరికి ఇయ్యలేదు కదా. ముందే చెప్పి వారం మించి రాకపోతే అన్నం పైసలు, రోజుకు 40 లెక్కన, తిరిగియ్యి. బతుకమ్మ, దసరా, సంక్రాంతికి నువ్వు మూసే రోజులు చేరేనాడే చెప్పు. సాయంత్రం 6 దాటితే పావుగంట చూడు, ఆ తర్వాత అరగంటకు 50. ఇది పెట్టకపోతే 7 అయినా రారు, ఆయమ్మ మానేస్తది.

చుట్టాల పిల్లకు తగ్గిస్తే నెల తిరగకముందే అందరికీ తెలుస్తది. అన్నదమ్ములో అక్కచెల్లెండ్లో ఇద్దరొస్తే రెండో పిల్లకు పదోవంతు తగ్గించు, అది అందరికీ ఒక్కటే తీరు.

టీచరమ్మల సంగతి వేరే. ఎండకాలం సెలవులల్ల పిల్లల్ని ఇంట్లనే ఉంచుకుంటరు, జూన్ల మళ్లొస్తరు. సీటు ఆపాలంటే మే నెలకు సగం ఫీజని చేర్చుకునే కాయితంల రాసి సంతకం తీసుకో. పెంచేది కూడా జూన్లనే పెట్టుకో, ఏప్రిల్ల చెప్పు, పాతోళ్లకు కొత్తోళ్లకు ఒక్కటే రేటు.

మీ పెద్దమ్మ