ఆ తెల్లరాయి సంగతి రాయి తమ్ముడూ

తమ్ముడూ,

నీ మొజావే ఎడారి కథ రెండుసార్లు చదివా. ఊపుంది గానీ గని లోపల గోడలన్నీ అలా ధగధగలాడుతున్నాయేంట్రా? నేనూ నా మొదటి గని కథలో ఇదే పని చేశాలే, కేజీఎఫ్‌లో పని చేసిన ఒక పెద్దాయన చదివి "ఇన్నేళ్ళు దిగాను బాబూ, నాకెప్పుడూ మెరవలేదే" అని నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటది.

కాలిఫోర్నియాలో రాండ్స్‌బర్గ్, మంచి చోటే పట్టావు. కానీ 1895లో ఎల్లో ఆస్టర్ బంగారు గని దొరికింది అని ఒక పేరా రాసి దాటేశావు, అసలు గోలంతా నీళ్ళ గురించి కదా. మొదట్లో రాళ్ళని బళ్ళకెత్తి గార్లాక్ అనే ఊరి దాకా తోలుకెళ్ళి దంచేవాళ్ళు, నీళ్ళున్నది అక్కడ కాబట్టి. ఇసకలో బంగారం ఏరుకునే చిన్నాచితకా వాళ్ళకి బళ్ళెక్కడివి, వాళ్ళకి నీళ్ళు లేకుండా గాలితో పనిచేసే డ్రై వాషరే దిక్కు. మనం కళ్ళంలో తూర్పారబట్టడం లాంటిదే, కింద నుంచి తిత్తి ఊదుతుంటే తేలిక ఇసక ఎగిరి జారిపోతుంది, బరువైంది అడ్డపుల్లల దగ్గర ఆగుతుంది. బంగారంతో పాటు ఒక తెల్లరాయి కూడా ఆగేది, ఇసక కన్నా రెండింతల పైనే బరువు, ఎంత ఊదినా కదలదు, తిట్టుకుంటూ ఏరి అవతల పారేసేవాళ్ళు. అదేంటో తెలుసా, షీలైట్, టంగ్‌స్టన్ ఖనిజం!

తర్వాత పక్కనే అటోలియా అనే ఊరు లేచింది (ఆట్కిన్స్, డిగోలియా అని ఇద్దరు కంపెనీ వాళ్ళ పేర్లు అతికించారు, మనవాళ్ళు అమ్మ పేరూ నాన్న పేరూ కలిపి పిల్లకి పెట్టినట్టు). మొదటి ప్రపంచ యుద్ధంలో గట్టి స్టీలుకి టంగ్‌స్టన్ కావాల్సొచ్చి రేటు ఎక్కడికో పోయింది, జనం దుంపలు తవ్వినట్టు తవ్వారు, ఆ చోటుకి పేరే స్పడ్ ప్యాచ్, అంటే బంగాళాదుంపల మడి. యుద్ధం అయిపోయింది, రేటు పడింది, ఊరు ఖాళీ.

ఇప్పుడు చెప్పు, ఇరవై ఏళ్ళ కింద ఆ రాయి విసిరేసినోడు 1916లో తను పారబోసిన దిబ్బ దగ్గరికే తట్ట పట్టుకుని తిరిగొస్తే? కథని వాడి అరచేతిలో నుంచి రాయాలి నువ్వు, కళ్ళతో కాదు, బరువుతో. యూవీ లైటు వేస్తే షీలైట్ నీలంగా వెలుగుతుందని నెట్‌లో చదివి ఉంటావు, వాడి చేతిలో ఆ లైటు లేదు, పెట్టకు.

ఇంకోటి, మూడో పేజీలో గుర్రం నీళ్ళు తాగే ఏరుంది చూడు, అది కొట్టెయ్.

మీ అన్న