పూతరేకుల ఇంటి లెక్కలు, అమ్మాయి బ్యాంకు చదువు

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ప్రతి ఆదివారం ఆత్రేయపురం వెళ్లి, పూతరేకులు చేసే ముగ్గురు మహిళలకు ఉచితంగా లెక్కలు చూసిపెడుతోంది. వారి తరఫున దుకాణదారులతో బేరం మాట్లాడుతోంది, ఒకామె రుణ దరఖాస్తు కూడా తానే నింపింది. బ్యాంకు పరీక్షలకు చదవాల్సిన సమయం పోతోందని మా దిగులు. మాన్పించమంటారా? (ఒక తల్లి, రావులపాలెం)

జవాబు: అమ్మా, మాన్పించకండి. అయితే ఇప్పుడు సాగుతున్న పద్ధతిలోనే సాగనివ్వడం కూడా మంచిది కాదు. ఆదివారాలు పోవడం కంటే, బేరమూ దరఖాస్తూ అమ్మాయి చేతిలోకి వచ్చేయడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది.

చిన్న వ్యాపారులకు అనుభవజ్ఞులు జీతం లేకుండా తోడుండి సలహా చెప్పే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో స్కోర్ అనే సంస్థ 1964 నుంచి, మన దేశంలో భారతీయ యువశక్తి ట్రస్ట్ 1992 నుంచి ఈ పని చేస్తున్నాయి. ఇలా తోడుండేవారిని మెంటర్ అంటున్నాం. మెంటర్ వ్యాపారం చేసిపెట్టడు, వ్యాపారి తన లెక్క తాను చూసుకునేలా ప్రశ్నలు అడుగుతాడు.

ఆ ప్రశ్నలు ఎలా ఉండాలో మీ అమ్మాయికి ఆ ఇళ్లలోనే తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో రేకు లేస్తుంది. ఆ సెగ ముందు గంటల తరబడి కూర్చున్న మనిషి బియ్యం, నెయ్యి, బెల్లం, అట్టపెట్టె ఖర్చులు చెబుతుంది గానీ తన కూలిని, చిరిగిపోయిన రేకులను లెక్కలో వేయదు. పెట్టెకు సరుకు ఖర్చు 90 రూపాయలు, దుకాణం ఇచ్చే ధర 120 రూపాయలు అనుకుందాం. ఇంట్లో ఇద్దరు కలిసి రోజుకు 20 పెట్టెలు చేస్తే 600 మిగిలినట్టు కనిపిస్తుంది. అందులో వంటచెరకుకు, ఆటోకు 150 తీసేసి, పని చేసిన ఇద్దరికీ పంచితే ఒక్కొక్కరికి దక్కేది 225 రూపాయలే. 2025-26లో మన రాష్ట్రానికి ప్రకటించిన ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఈ తేడాను ఆ మహిళ తన చేత్తో కాగితం మీద వేసుకున్న రోజున, దుకాణదారుతో ఏం మాట్లాడాలో ఆమెకే తెలుస్తుంది.

బ్యాంకు ఉద్యోగానికి ఇది పనికొస్తుందా అంటే, తొలి దశ పరీక్ష అయిన ప్రిలిమ్స్‌లో ఒక్క మార్కు కూడా రాదని ముందే చెబుతాను. కానీ ప్రొబేషనరీ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉంటుంది. ఉద్యోగంలో చేరాక చిన్న వ్యాపారులకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్రా రుణాల దరఖాస్తులు బల్ల మీదికి వస్తాయి. రోజువారీ అమ్మకాన్ని చూసి నెల వాయిదా ఎంత మోయగలరో అంచనా కట్టే నేర్పు కోచింగ్ సెంటర్లలో దొరకదు, పొయ్యి పక్కన కూర్చుంటే వస్తుంది.

ఇక హద్దుల సంగతి. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు, నరసాపురం వైపు లేసు అల్లే కుటుంబానికి మంచి మనసుతోనే సాయపడుతూ, చివరకు వారి ప్రైవేటు అప్పుకు హామీ సంతకం పెట్టాడు. వాయిదాలు ఆగాక ఆ భారం అతని తండ్రి మీద పడింది, ఆ కుటుంబంతో ఉన్న స్నేహమూ చెడింది. అందుకని హామీ సంతకం, డబ్బు చేతులు మారడం, వారి ఓటీపీలు తన దగ్గరికి రావడం, ఈ మూడింటి దగ్గరా అమ్మాయి ఖచ్చితంగా ఆగిపోవాలి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్‌కు రుసుము లేదు కనుక, పూతరేకులు చేసే మహిళ తన ఆధార్, తన ఫోన్‌తో తానే చేసుకుంటుంటే అమ్మాయి పక్కన కూర్చుంటే చాలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే దక్కే జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తును పెట్టెల మీద వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఇలాంటి చట్టపరమైన విషయాల్లో తెలియనిదాన్ని తెలియదని చెప్పి, అక్కడి తయారీదారుల సంఘం దగ్గరికి పంపడం కూడా మెంటర్ పనే.

నెలకు రెండు ఆదివారాలు, ముగ్గురికి బదులు ఒక్క ఇల్లు, ఆరు నెలల గడువు పెట్టుకోమనండి. పరీక్షకు ముందు రెండు నెలలు పూర్తిగా ఆపాలి, ఆ సంగతి ఆ ఇంటివారికి ఇప్పుడే చెప్పాలి. వచ్చే ఆదివారం వెళ్లినప్పుడు లెక్కల పుస్తకంలో తాను రాయకుండా, కలం ఆ ఇంటి మహిళ చేతికిచ్చి, నిన్నటి అమ్మకం రాయమని అడగమనండి.